నాలుగేళ్ళ ముచ్చట: వెస్టిండీస్ సమాఖ్య

మనలో చాలామందికి వెస్టిండీస్ అంటే ఒక క్రికెట్ జట్టు. ప్రపంచ పటంలో ఆ పేరుతో దేశమేదీ లేదని మొదటిసారి తెలిసినప్పుడు కాస్త ఆశ్చర్యం కలుగుతుంది. ఆస్ట్రేలియా ఉంది, పాకిస్తాన్ ఉంది, న్యూజీలాండ్ ఉంది. వెస్టిండీస్ మాత్రం లేదు. జమైకా వాడూ, బార్బడోస్ వాడూ, ట్రినిడాడ్ వాడూ, ద్వీపమే కాకుండా దక్షిణ అమెరికా ఖండాన్ని అంటిపెట్టుకున్న గయానా వాడూ ఒకే టోపీ పెట్టుకుని మైదానంలోకి దిగుతారు. ఆట ముగిశాక ఎవరి జెండా వారిది, ఎవరి జాతీయగీతం వారిది.

అయితే ఆ పేరుతో ఒక దేశం పుట్టబోయి, పుట్టినట్టే పుట్టి, మాయమైన కథ ఒకటుంది. 1958 జనవరి 3న బ్రిటిషు వలసలైన కరేబియన్ ద్వీపాలు పది కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. జమైకా, ట్రినిడాడ్-టొబాగో, బార్బడోస్ వాటిలో పెద్దవి. మిగిలినవి గ్రెనడా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, డొమినికా, ఆంటిగ్వా, సెయింట్ కిట్స్-నెవిస్-అంగ్విలా, మాంట్సెరాట్. సమాఖ్యకు ప్రధానమంత్రి ఉన్నాడు, గవర్నర్ జనరల్ ఉన్నాడు, రెండు సభల పార్లమెంటు ఉంది, నీలి సముద్రం మీద తెల్లని అలలు, నడుమ బంగారు సూర్యబింబంతో ఒక అందమైన జెండా ఉంది. 1958 ఏప్రిల్ 22న ఇంగ్లండు రాణి చెల్లెలు మార్గరెట్ వచ్చి పార్లమెంటును ప్రారంభించింది. ఆ సంబరాల కోసమే సెయింట్ లూసియాకు చెందిన ఒక ఇరవయ్యెనిమిదేళ్ళ కవి చేత కరేబియన్ చరిత్రనంతా చుట్టివచ్చే ఒక నాటకం రాయించారు. ఆ కవి పేరు డెరెక్ వాల్కాట్. 1992లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. ఆ నాటకం పుట్టడానికి కారణమైన రాజ్యం మాత్రం అప్పటికి మూడు దశాబ్దాల కిందటే అంతరించింది.

ఎలా అంతరించిందన్న ప్రశ్నకు పుస్తకాలు సాధారణంగా దూరాన్నీ, పేదరికాన్నీ, నాయకుల అహంకారాలనూ కారణాలుగా చూపిస్తాయి. అన్నీ నిజమే. జమైకాకూ ట్రినిడాడ్‌కూ మధ్య దాదాపు వెయ్యి మైళ్ళ సముద్రం ఉంది. కానీ దూరం 1947లోనూ అంతే, 1961లోనూ అంతే. మారినది మరొకటి. ఈ సమాఖ్య స్వాతంత్ర్యానికి దారిగా పుట్టింది. ఆ దారిన పోనవసరం లేకుండానే గమ్యం చేరవచ్చునని తేలిన రోజున దానికి ప్రాణం పోయింది. అది ఎలా జరిగిందో చూద్దాం.

1930లలో చెరకు ధరలు పడిపోయి, కూలీల బతుకులు దుర్భరమై, ద్వీపం తరువాత ద్వీపం అల్లర్లతో అట్టుడికింది. 1937లో ట్రినిడాడ్, బార్బడోస్, 1938లో జమైకా. ఈ కథలోని ముఖ్య పాత్రలలో ఎక్కువమంది ఆ అల్లర్లలోంచి పైకి వచ్చినవారే. జమైకాలో కార్మికసంఘ నాయకుడు అలెగ్జాండర్ బుస్తమంతే, న్యాయవాది నార్మన్ మాన్లీ. బార్బడోస్‌లో మరో న్యాయవాది గ్రాంట్లీ ఆడమ్స్. (బుస్తమంతే, మాన్లీ దాయాదుల వరస. జీవితాంతం ప్రత్యర్థులు. దాయాదుల పోరు గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.) చిన్న ద్వీపం ఒంటరిగా నిలబడలేదు, అన్నీ కలిస్తేనే తెల్లదొర మన మాట వింటాడు అన్నది అప్పట్లో కార్మికోద్యమ నాయకులందరి నమ్మకం. లండనులోని వలస కార్యాలయానికీ కలపడమే ఇష్టం. పది చోట్ల పది పరిపాలనలు నడిపే ఖర్చు తగ్గుతుందని దాని లెక్క. కోరికలు వేరైనా దారి ఒకటే అయింది. 1947 సెప్టెంబరులో జమైకాలోని మాంటెగో బేలో సమావేశమై సమాఖ్య కావాలని తీర్మానించారు.

ఆ తీర్మానానికీ సమాఖ్య పుట్టుకకూ మధ్య పదేళ్ళు గడిచాయి. కమిటీలు, నివేదికలు, 1953లో లండనులో ఒక సమావేశం, 1956లో మరొకటి. ఈ పదేళ్ళే కొంప ముంచాయని నా అభిప్రాయం. 1947 నాటి జమైకా చెరకునూ అరటినీ నమ్ముకున్న పేద ద్వీపం. 1952 నుంచి అక్కడి ఎర్రమట్టి బాక్సైటుగా ఓడలకెక్కింది. 1957 కల్లా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బాక్సైటు తవ్వుతున్న చోటు అదే. అటు ట్రినిడాడ్‌కు చమురు ఉంది. ఇద్దరు పెద్దన్నలకూ చేతిలో డబ్బు ఆడుతున్న సమయంలో ఉమ్మడి కుటుంబం మొదలయింది. పైగా ఈ లోపల ఒక్కో ద్వీపానికి విడివిడిగా స్వపరిపాలన హక్కులు వచ్చిపడుతున్నాయి. జమైకాలో 1944లోనే వయోజన ఓటుహక్కు వచ్చింది. 1959లో సంపూర్ణ అంతరంగిక స్వపరిపాలన వచ్చింది. అంటే పిల్లలకు తల్లికంటే ఎక్కువ అధికారాలు. సమాఖ్య ఇంకా వలసగానే ఉంది, అందులోని ఒక భాగం దానికంటే స్వతంత్రంగా ఉంది!

ఆ తల్లి అధికారాలు ఎంతటివో చూస్తే జాలి వేస్తుంది. మొదటి ఐదేళ్ళూ ఆదాయపు పన్ను వేసే అధికారం లేదు. ద్వీపాలు తలా కొంత చెల్లించే చందాతోనే బతకాలి. ఏడాదికి సుమారు 90 లక్షల వెస్టిండీస్ డాలర్లు, అంతే. అందులో నూటికి 43 పాళ్ళు జమైకావి, 39 ట్రినిడాడ్‌వి. ద్వీపాల మధ్య సుంకాలు లేని వ్యాపారం లేదు. ఒక ద్వీపం వాడు మరో ద్వీపానికి స్వేచ్ఛగా పోయి స్థిరపడే హక్కు లేదు. తూర్పు ద్వీపాల పేదలంతా వచ్చి మీద పడతారని ట్రినిడాడ్ భయం. ఆఖరికి నాణెం కూడా ఒకటి కాదు: తూర్పు ద్వీపాలలో డాలరు చెల్లితే జమైకాలో పౌను చెల్లేది.

దిగువ సభలో 45 స్థానాలు. జమైకాకు 17, ట్రినిడాడ్‌కు 10, బార్బడోస్‌కు 5, మాంట్సెరాట్‌కు 1, మిగిలిన ఆరింటికి రెండేసి. సమాఖ్య మొత్తం జనాభా ముప్ఫై లక్షల చిల్లర. అందులో సగానికి పైగా జమైకా వారే, భూమిలోనూ సగానికి పైగా జమైకాదే. సగం మనుషులు, నూటికి నలభైమూడు పాళ్ళ డబ్బు, సభలో మాత్రం మూడింట ఒక వంతు చిల్లర. జమైకా పల్లెల్లో బుస్తమంతే చేసిన ప్రచారానికి ఈ లెక్క చాలు.

ఇక రాజధాని సంగతి. ఎక్కడ పెట్టాలో తేల్చమని ఒక సంఘాన్ని వేశారు. దానికి అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ మూడీ, మన దేశపు ఐ.సి.ఎస్. అధికారి, దేశవిభజన నాడు సింధు నుంచి వెళ్ళి పాకిస్తానీ పంజాబుకు మొదటి గవర్నరైనవాడు. ఆ సంఘం బార్బడోస్‌ను మొదట, జమైకాను రెండవదిగా, ట్రినిడాడ్‌ను మూడవదిగా సూచించింది. నాయకులు మూడవదాన్ని ఎంచుకున్నారు. ట్రినిడాడ్‌లో కూడా చాగ్వరామస్ అన్న చోటు కావాలన్నారు. అక్కడ చూస్తే అమెరికా నౌకాస్థావరం ఉంది. రెండవ ప్రపంచయుద్ధ సమయంలో పాత యుద్ధనౌకలకు బదులుగా బ్రిటను అమెరికాకు 99 ఏళ్ళ కౌలుకు ఇచ్చేసిన నేల అది. అక్కడి ప్రజలను ఎవరూ అడగలేదు. లేని రాజధానికి పునాది వేయడానికి ముందు అమెరికాతో తగువు వేసుకోవలసి వచ్చింది. ట్రినిడాడ్ నాయకుడు ఎరిక్ విలియమ్స్ స్వతహాగా చరిత్రకారుడు. ఈ తగువును ఆయన జాతీయోద్యమంగా మలిచాడు. 1960 ఏప్రిల్ 22న వానలో తడుస్తూ వేల మందితో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వీధుల్లో ఊరేగింపు తీశాడు. గొప్ప దృశ్యమే. అయితే అది ట్రినిడాడ్ జాతీయతను పెంచిందా, వెస్టిండీస్ జాతీయతను పెంచిందా అన్నది నాకు అనుమానమే. సమాఖ్య ప్రధానిగా ఉన్న ఆడమ్స్ ఈ మొత్తం వ్యవహారంలో ప్రేక్షకుడిగా మిగిలాడు.

ఆడమ్స్ ప్రధాని ఎందుకయ్యాడన్నది అసలు ప్రశ్న. 1958 మార్చి 25న జరిగిన తొలి ఎన్నికల్లో గెలిచిన కూటమికి నాయకుడు మాన్లీ. ఆయన పోటీ చేయలేదు. జమైకా ముఖ్యమంత్రి పదవి వదలలేదు. విలియమ్స్ పోటీ చేయలేదు, ట్రినిడాడ్ వదలలేదు. ప్రతిపక్ష కూటమి నాయకుడు బుస్తమంతే కూడా ఇల్లు కదల్లేదు. పెళ్ళికి పెద్దలందరూ ఆశీస్సులు పంపారు గానీ పీటల మీద కూర్చోవడానికి ఒక్కరూ రాలేదు. మిగిలిన పెద్దమనిషి ఆడమ్స్. ఆయన సమర్థుడు కాడని కాదు. చేతిలో ఖజానా లేదు, వెనక జనం లేరు. ప్రధాని అయిన మొదటి ఏడాదే, ఐదేళ్ళ గడువు తీరాక ఆదాయపు పన్ను వేస్తామనీ, దాన్ని వెనకటి తేదీ నుంచి వర్తింపజేయవచ్చుననీ ఒక మాట అన్నాడు. జమైకా భగ్గుమంది. ఆ మంట మళ్ళీ ఆరలేదు.

మాన్లీ జమైకాలోనే ఎందుకు ఉండిపోయాడు? నేను పోతే బుస్తమంతే జమైకాను చేజిక్కించుకుని సమాఖ్యను కూలదోస్తాడని ఆయన లెక్క. లెక్క తప్పు కాదు. సమాఖ్య జెండాను గీసింది ఆయన భార్య, శిల్పి ఎడ్నా మాన్లీ. ఆ జెండా మీద ఆ ఇంటికి ఉన్న మక్కువను శంకించనక్కరలేదు. కానీ కేంద్రం బలహీనంగా ఉండాలని జమైకా తరఫున పట్టుబట్టినవాడూ ఆయనే. విలియమ్స్‌ది సరిగ్గా ఎదురు వాదన: పన్నులు వేసి, ప్రణాళికలు నడిపే బలమైన కేంద్రం లేకపోతే ఈ తతంగమంతా ఎందుకని 1959లో ఒక పుస్తకమే వేయించాడు. ఆర్థికంగా చూస్తే విలియమ్స్ చెప్పిందే సబబు. రాజకీయంగా చూస్తే జమైకా ఓటరు దాన్ని ఒప్పుకునే ప్రశ్నే లేదు.

ఇక్కడ మనవాళ్ళ ప్రసక్తి కొంత చెప్పుకోవాలి. బానిసత్వం రద్దయ్యాక 1838 నుంచి 1917 దాకా చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా బ్రిటిష్ గయానాకు రెండు లక్షలకు పైగా, ట్రినిడాడ్‌కు లక్షా నలభైవేలకు పైగా భారతీయులను తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా ఓడల్లో వెళ్ళిన భోజ్‌పురీ ప్రాంతం వారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. వారిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళున్నారు. అక్కడ వారందరినీ కలిపి మద్రాసీలన్నారు. భాష పోయింది, గయానాలో కాళీమాయి కొలువు మిగిలింది. ఈ భారతీయ సంతతికి సమాఖ్య అంటే భయం. ట్రినిడాడ్ జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్నవారు, జమైకాతో కలిస్తే ఉప్పులో పప్పులా కరిగిపోతామనుకున్నారు. 1958 ఎన్నికల్లో ట్రినిడాడ్‌లోని 10 స్థానాలలో 6 విలియమ్స్ ప్రత్యర్థులకు పోయాయి. ఓటమి కోపంలో విలియమ్స్ భారతీయులను మొండి మైనారిటీగా, శత్రువులుగా నిందిస్తూ బహిరంగసభలో మాట్లాడాడు. అంత చదువుకున్నవాడి నోట ఆ మాట రావడం ట్రినిడాడ్ ఇండియన్లు మరచిపోలేదు. ఇక దాదాపు సగం మంది భారతీయ సంతతి అయిన బ్రిటిష్ గయానా అసలు సమాఖ్యలో చేరనే లేదు. అక్కడి నాయకుడు ఛెద్దీ జగన్ చేరాలంటే ప్రజాభిప్రాయం తీసుకోవాలన్నాడు. ఆ మాట మిగిలిన ద్వీపాల నాయకులు పదేళ్ళలో ఒక్కసారైనా అనుకోలేదు.

అనుకోవలసిన రోజు వచ్చింది. 1960 జనవరిలో మాన్లీ లండను వెళ్ళి, జమైకా ఒంటరిగా స్వాతంత్ర్యం కోరితే ఇస్తారా అని అడిగాడు. వలసల మంత్రి ఇయన్ మెక్లౌడ్ ఇస్తామన్నాడు. సమాఖ్య అప్పుడే చచ్చిపోయిందంటాను నేను. కలిస్తేనే విముక్తి అన్న పాత నమ్మకం మీద కట్టిన ఇల్లు అది. కలవకపోయినా విముక్తే అన్నాక పునాది ఏది? అదే ఏడాది మే నెలాఖరులో బుస్తమంతే ఒక ఉప ఎన్నికను అదనుగా తీసుకుని, సమాఖ్య మాకొద్దని బహిరంగంగా ప్రకటించాడు. మాన్లీ వెంటనే అయితే ప్రజలనే అడుగుదాం అన్నాడు. చట్టప్రకారం ఆయనకు ఆ అవసరం లేదు. ప్రజాస్వామ్యవాదిగా అది గొప్ప నిర్ణయం, సమాఖ్యవాదిగా ఆత్మహత్య.

ఈ లోపల క్రికెట్టులో మరో కథ నడిచింది. వెస్టిండీస్ జట్టుకు నాయకత్వం తెల్లవారి చేతిలోనో, వారికి దగ్గరి మేనిఛాయ వారి చేతిలోనో ఉండడం అప్పటి ఆనవాయితీ. ట్రినిడాడ్‌లో పత్రిక నడుపుతూ, సమాఖ్యలో గెలిచిన పార్టీకి కార్యదర్శిగా ఉన్న సి.ఎల్.ఆర్. జేమ్స్, నల్లవాడైన ఫ్రాంక్ వోరెల్‌ను నాయకుణ్ణి చేయాలని పట్టుబట్టి ఉద్యమం నడిపాడు. 1960-61 ఆస్ట్రేలియా పర్యటనకు వోరెల్ నాయకుడయ్యాడు. బార్బడోస్ నుంచి సోబర్స్, హాల్. ట్రినిడాడ్ నుంచి రామాధీన్. జమైకా నుంచి వాలెంటైన్. సమాఖ్యలో లేని గయానా నుంచి కన్హాయి. 1960 డిసెంబరులో బ్రిస్బేన్‌లో టెస్టు చరిత్రలోనే మొదటిసారి ఆట సమంగా ముగిసింది. సిరీస్ ఓడిపోయారు, అయినా 1961 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ నగరం వీధుల్లో బారులు తీరి వారికి వీడ్కోలు పలికింది. ద్వీపాల తేడా లేని ఒకే జాతి ఎలా ఉంటుందో లోకం చూసింది.

ఏడు నెలలకు, 1961 సెప్టెంబరు 19న, జమైకా ఓటు వేసింది. సమాఖ్యలో ఉండాలన్నవారు 2,17,319. వద్దన్నవారు 2,56,261. తేడా నలభైవేలలోపే. పదిమందిలో నలుగురు ఓటు వేయడానికే రాలేదు. కింగ్‌స్టన్ నగరం ఉండాలంది, పల్లెలు వద్దన్నాయి. నగరంలో చదువుకున్నవాడికి సమాఖ్య ఒక ఆదర్శం. పల్లెలో అరటి పండించేవాడికి అది తానెన్నడూ చూడని చిన్న ద్వీపాల ఖర్చు. వారిది అజ్ఞానమని అప్పట్లో కొందరు రాశారు. నేను ఒప్పుకోను. నాలుగేళ్ళలో సమాఖ్య ఆ రైతు గుమ్మం దాకా తెచ్చి ఇచ్చినది ఏదీ లేదు. కనీసం ఒక తపాలా ఉద్యోగం, ఒక రోడ్డు కూడా.

అంతకు మూడు నెలల కిందటే, జూన్‌లో, లండనులోని లాంకాస్టర్ హౌస్‌లో అందరూ కూర్చుని సమాఖ్య స్వాతంత్ర్యానికి ముహూర్తం పెట్టుకున్నారు: 1962 మే 31. జమైకాకు సభలో దాదాపు సగం స్థానాలివ్వడానికి కూడా ఒప్పుకున్నారు. అన్నీ ఆలస్యంగా కుదిరాయి.

జమైకా వెళ్ళిపోయాక పదిలో తొమ్మిది మిగలాలి కదా. విలియమ్స్ లెక్క వేరు: పదిలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది సున్న అన్నాడు. లెక్కల మాస్టారు ఒప్పుకోకపోయినా ట్రినిడాడ్ ఒప్పుకుంది. జమైకా వాటా పోగా చందాలో సింహభాగం ఇక తన నెత్తినే పడుతుందన్నది విలియమ్స్‌కు తెలుసు. 1962 జనవరిలో ట్రినిడాడ్ కూడా విడిగా పోతున్నట్టు తేల్చింది. సెయింట్ లూసియా వాడైన ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ (ఈయనకూ 1979లో నోబెల్ వచ్చింది, అంత చిన్న ద్వీపం నుంచి ఇద్దరు!) ద్వీపం నుంచి ద్వీపానికి తిరిగి, మిగిలిన ఎనిమిదింటినైనా ఒక తాటి మీద నిలపాలని ప్రయత్నించాడు. ఆ ఎనిమిదీ 1965 దాకా మాట్లాడుకుని మాట్లాడుకుని విడిపోయాయి. లూయిస్ ఆ ఎనిమిదింటి యాతన గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. కోపం అణచుకుని రాసిన మనిషి కనబడతాడు అందులో.

సరిగ్గా ఆ చివరి నెలల్లో మన క్రికెట్ జట్టు అక్కడ ఉంది. నారీ కాంట్రాక్టర్ నాయకత్వంలో, హైదరాబాదుకు చెందిన ఎం.ఎల్. జయసింహ కూడా సభ్యుడుగా, 1962 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ద్వీపాలలో ఆడింది. మార్చిలో బార్బడోస్‌తో ఆటలో గ్రిఫిత్ వేసిన బంతి కాంట్రాక్టర్ తలకు తగిలి ప్రాణం మీదికి వచ్చింది. రక్తం ఇచ్చినవారిలో ప్రత్యర్థి నాయకుడు వోరెల్ ఒకడు. ఇరవైయొక్కేళ్ళ పటౌడీ నాయకుడయ్యాడు. ఐదు టెస్టులూ ఓడిపోయాం. ఏప్రిల్‌లో చివరి టెస్టు కింగ్‌స్టన్‌లో. ఆ నెల 10వ తేదీనే జమైకా ఎన్నికల్లో మాన్లీ ఓడిపోయి బుస్తమంతే గెలిచాడు. మనవాళ్ళను ఓడించిన ఆ జట్టు వెనక ఉన్న దేశానికి అప్పటికే బ్రిటిషు పార్లమెంటు రద్దు చట్టం సిద్ధం చేస్తోంది.

1962 మే 31న సమాఖ్య రద్దయింది. స్వాతంత్ర్యానికి పెట్టుకున్న ముహూర్తమే అది, తేదీ మార్చలేదు. ఆగస్టు 6న జమైకా, ఆగస్టు 31న ట్రినిడాడ్ స్వతంత్ర దేశాలయ్యాయి. ఆ రెండింటికీ మధ్య కాదు గానీ ఆ వేసవిలోనే, జులై 1న, కామన్వెల్త్ వలసదారులకు బ్రిటను తలుపులు మూసే చట్టం అమలులోకి వచ్చింది. ఒక ద్వీపం నుంచి మరో ద్వీపానికి పోలేనివాడు లండనుకు పోవడమూ కష్టమయింది. కాలిప్సో గాయకుడు మైటీ స్పారో జమైకాను దెప్పుతూ సమాఖ్య మీద పాట కట్టి పాడాడు. ద్వీపాల జనం దాన్ని ఎత్తిపొడుపుగానూ, ఏడుపుగానూ పాడుకున్నారు.

మిగిలినవి నింపాదిగా ఒక్కొక్కటే వెళ్ళాయి. బార్బడోస్ 1966లో, గ్రెనడా 1974లో, డొమినికా 1978లో, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ 1979లో, ఆంటిగ్వా 1981లో, సెయింట్ కిట్స్-నెవిస్ 1983లో. విడిపోవడం అక్కడితోనూ ఆగలేదు. అంగ్విలా 1967లో సెయింట్ కిట్స్ మీద తిరగబడి, చివరికి మళ్ళీ బ్రిటను నీడనే చేరింది. 1998లో నెవిస్ కూడా విడిపోతానని ఓటు వేసింది; అరవై శాతం పైగా అవునన్నారు గానీ రావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. మాంట్సెరాట్ నేటికీ బ్రిటిషు ఏలుబడిలోనే ఉంది.

సమాఖ్య కోసం కెనడా రెండు ఓడలు కానుకగా ఇచ్చింది. ఫెడరల్ పామ్, ఫెడరల్ మేపుల్ వాటి పేర్లు. 1961లో వచ్చాయి. దేశం పోయాక కూడా అవి ఆ పేర్లతోనే ద్వీపాల నడుమ మనుషులనూ సరుకులనూ మోస్తూ తిరిగాయి. సమాఖ్యకంటే ముందు, 1948లోనే పుట్టిన వెస్టిండీస్ విశ్వవిద్యాలయం ఉంది. తూర్పు ద్వీపాల డాలరు ఉంది. క్రికెట్ జట్టు సరేసరి.

1973 జులై 4న కరేబియన్ దేశాలు ఉమ్మడి విపణి కోసం మళ్ళీ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఈసారి ఒకే దేశం కావాలని ఎవరూ అనలేదు. సంతకాలు జరిగిన చోటు చాగ్వరామస్. ఆ సంస్థ కార్యాలయం గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో ఉంది.